పది అని రాసిన నలభై

పాత బిల్డింగుకీ కొత్త బిల్డింగుకీ మధ్య, నేల కింద, ఒక నడవా ఉంది. ఆ నడవా మధ్యలో ఒక గది. మా ఆస్పత్రిలో ఎవరినడిగినా ఆ గది పేరు చెప్పరు. "అదీ…" అంటారు, గడ్డంతో కిందికి చూపిస్తారు, మాట మారుస్తారు.

అందులో దెయ్యం ఉందని అందరికీ తెలుసు.

లేదని నాకొక్కదానికే తెలుసు. ఎలా తెలుసో ఈ రాత్రి దాకా నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా. రాత్రిళ్ళు ఈ నోటుబుక్కులో ఎన్నెన్నో ఒప్పుకున్నాను — చెల్లి చున్నీ కాల్చింది నేనేనని, వేరే ఆఫీసు ఇంటర్వ్యూలో చదవని చదువు చదివానన్నానని. ఇది మాత్రం ఇందులో కూడా రాయలేదు.

ఇవాళ రాస్తున్నాను. ముందు దెయ్యం సంగతి. తర్వాత నా సంగతి.

దెయ్యం సంగతి పూర్తిగా మొన్న నాకు చెప్పింది అత్త. నాకు నిజంగా అత్త కాదు, నడవాలు తుడిచే మనిషి. ఆస్పత్రి మొత్తానికీ అత్తే. పెద్ద డాక్టరు కూడా తడి నేల మీద కాలు పెట్టబోయే ముందు "అత్తా, రావచ్చా?" అని అడుగుతాడు.

ఆర్నెల్ల కింద ఒక రాత్రి, చిన్న సిస్టరు పాత బిల్డింగు నుంచి రక్తం శాంపిళ్ళు పట్టుకుని కొత్త బిల్డింగులో ల్యాబుకి బయల్దేరింది. పైనుంచి చుట్టూ తిరిగి వెళ్తే పది నిమిషాలు. కింది నడవాలోంచి అయితే రెండు. అర్జెంటు అన్నారని కిందికే దిగింది.

"ఆ నడవాలో ఒక లైటు వెలిగితే ఒకటి వెలగదు కదా," అంది అత్త. "పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. తన చెప్పుల చప్పుడే తనకి వినిపిస్తోంది… టప్… టప్… గది దాకా వచ్చింది. తలుపు మూసుంది. ఎప్పుడూ మూసే ఉంటుంది, కార్డు చూపిస్తే తప్ప తెరుచుకోదు. అప్పుడూ—"

అత్త టీ గ్లాసు కింద పెట్టింది.

"—టక్ మంది."

తలుపు తాళం. దానంతట అదే.

ఆ తర్వాత తలుపు కదిలింది. వేలెడు సందు… బెత్తెడు… జానెడు. లోపలి చల్లగాలి సిస్టరు పాదాలకి తగిలింది. చీకట్లో పచ్చపచ్చగా కళ్ళు… పదులకొద్దీ… అన్నీ మిణుకుమిణుకుమంటూ. ఉన్నట్టుండి అందులో ఒకటి ఆరిపోయింది.

మళ్ళీ తెరుచుకుంది. ఈసారి నారింజ రంగులో.

పరుగెత్తింది. మెట్ల దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మర్నాడు సెక్యూరిటీ వాళ్ళు కెమెరా వేసి చూస్తే — సరిగ్గా ఆ ముక్కే లేదు. రెండూ పదికి సిస్టరు నడుస్తూ కనిపిస్తుంది. నలభై సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఖాళీ నడవా, వారగా తెరిచిన తలుపు.

ఆ రోజు నుంచి రాత్రిపూట కిందికి దిగే మనిషి లేడు. శాంపిళ్ళూ, రిపోర్టులూ, ఏదైనా పైనుంచి చుట్టూ తిరగాల్సిందే. ఆస్పత్రిలో పది నిమిషాలంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

"ఎవరి దెయ్యమో తెలుసా?" అత్త గొంతు తగ్గించింది. "కేబుళ్ళు అతికే ఆయన ఉండేవాడు చూడు, అతుకుల బాబాయ్. పని సరిగ్గా చెయ్యలేదని తీసేశారుగా. ఆ అవమానంతో పోయాట్ట. రోజూ రెండూ పదికి వచ్చి తన గది చూసుకుని పోతాడు."

గ్లాసు పక్కన పెట్టేశాను.

"ఎవరన్నారు పోయాడని?"

"అందరూ."

"బతికే ఉన్నాడత్తా."

"నువ్వు చూశావా?"

చూడలేదు. ఏడాదిన్నర అయింది చూసి. కానీ నా ఫోనులో ఆయన పేరు పక్కన ముందురోజు రాత్రి కూడా పచ్చ చుక్క వెలిగింది. దెయ్యాలు ఆన్‌లైన్‌లోకి రావు. ఆ చుక్క ఆరిపోయేదాకా దాని వంకే చూస్తూ ఎన్ని రాత్రులు పడుకున్నానో… అదీ ఎవరికీ చెప్పలేదు.

బతికున్న మనిషిని దెయ్యం చేసేశారు. చేసింది వాళ్ళు కాదు.

ఇక నా సంగతి.

నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. రిపేరు షాపు వెనక పారేసిన పెట్టెలు విప్పి, వాటితో వచ్చిన పుస్తకాలు చదివి, అర్థంకానివి వీడియోల్లో పదిసార్లు చూసి నేర్చుకున్నాను. ఆస్పత్రి నెట్‌వర్కు పని చూసే టీములో చేరిన రోజు అందరూ అడిగింది ఒకటే — "ఏ కాలేజీ?" అతుకుల బాబాయ్ ఒక్కడే అది అడగలేదు. గాజు తీగ కోసే బ్లేడు నా చేతికిచ్చి, "ఎలా పట్టుకుంటావో చూపించు అమ్మాయ్," అన్నాడు. చూపించాను. "ఫరవాలేదు, వేళ్ళు మిగుల్తాయి," అన్నాడు. నా జీవితంలో నాకొచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.

రెండు బిల్డింగులనీ ఫైబర్‌తో కలపాలి. ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు తీగ, అందులోంచి వెలుగు పోతుంది. పాత బిల్డింగు చివర, అంటే ఆ కింది గదిలో, నీలం పెట్టె. కొత్త బిల్డింగులో బూడిదరంగు పెట్టె. రెండూ వేరే వేరే కంపెనీలవి. పెట్టెకీ గాజు తీగకీ మధ్య వేలెడంత మాడ్యూల్ ఒకటి గుచ్చాలి. మాటని వెలుగు చేసి పంపేదీ, వచ్చిన వెలుగుని మళ్ళీ మాట చేసేదీ అదే.

నీలం పెట్టెతో ఒక చిక్కుంది. మాడ్యూల్ లోపల చిన్న చిప్పులో కంపెనీ పేరు రాసి ఉంటుంది. నీలం పెట్టె ముందు అది చదువుతుంది. మేం దాన్ని ఇంటిపేరు అంటాం. వెలుగు సరైనదే, వేగం సరైనదే, తీగ సరైనదే — అయినా ఇంటిపేరు తనది కాకపోతే గడప దాటనివ్వదు. బూడిద పెట్టెకి ఆ పట్టింపు లేదు, ఎవరొచ్చినా రమ్మంటుంది. కాబట్టి రెండు వైపులా వెలుగు ఒకటే ఉండాలి, ఇంటిపేర్లు మాత్రం ఎవరి పెట్టెకి తగ్గట్టు వాళ్ళవి రాయించుకోవాలి. మా పనిలో సగం తలనొప్పి ఇదే.

ఏ కాలేజీ అని అడిగి తలుపు మూసిన వాళ్ళందరూ నాకు నీలం పెట్టెల్లాగే కనపడతారు. సరే, అది వేరే సంగతి.

ఆ రాత్రి పని నాదే. మర్నాడు పొద్దున్న కొత్త బిల్డింగు తెరుస్తున్నారు. మాకొచ్చిన మాడ్యూళ్ళు పది కిలోమీటర్లవి. మా నడవా మూడొందల మీటర్లు, కావలసినంత కన్నా ఎక్కువే. తీరా చూస్తే, పంపినవాడు రెండిటికీ బూడిద ఇంటిపేరే రాయించి పంపాడు. నీలం పెట్టెలో గుచ్చగానే నారింజ దీపం. తీసి, తుడిచి, మళ్ళీ గుచ్చాను. నారింజ.

మా టీము పెద్దసారు ఫోను మీద ఫోను. "అయిందా? అయిందా?"

బాబాయ్ ఆ రాత్రి వేరే చోట పనిలో ఉన్నాడు. ఒక్క ఫోను చేస్తే చెప్పేవాడు. ఆయన ఏమీ అనడు. పక్కనున్న వాళ్ళు వింటారు, నవ్వుతారు. "కాలేజీ లేని పిల్ల" అంటారు. చెయ్యలేదు.

స్టోరులో పాత అట్టపెట్టె వెతికితే ఒక జత దొరికింది. నీలం కంపెనీ సొంత మాడ్యూళ్ళు. వాటి మీద నలభై అని ఉంది, నలభై కిలోమీటర్లు. పది కంటే నలభై మంచిదేగా అనుకున్నాను. దూరం పోయే బస్సెక్కినా మన స్టాపులో దిగొచ్చుగా… అంతే అనుకున్నాను.

రెండు చివర్లా పెట్టాను. పచ్చ దీపం. ఆ గదిలో ఒక్కదాన్నే నిలబడి నవ్వాను కూడా.

తర్వాత రిజిస్టరు తెరిచాను. ఏం పెట్టమన్నారో అదే రాశాను — పది. కింద నా సంతకం.

బస్సు లెక్క వెలుగుకి పనికిరాదని ఆ తర్వాత చాలా నెలలకి ఒక పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. నలభై కిలోమీటర్ల అవతలికి కనపడాల్సిన టార్చిని ముక్కుకెదురుగా పెట్టి కళ్ళలోకి కొట్టినట్టు చేశాను నేను. అవతలి మాడ్యూల్‌కి కళ్ళు బైర్లు కమ్ముతాయి. పగలు రాకపోకలు తక్కువ, ఎలాగో నెట్టుకొస్తుంది. రాత్రి రెండూ పదికి స్కానింగు బొమ్మల నకళ్ళన్నీ పాత బిల్డింగు నుంచి కొత్త బిల్డింగుకి పోవడం మొదలవుతుంది. ఆ జోరుకి తట్టుకోలేక లింకు తెగిపోతుంది. నలభై సెకన్లలో తేరుకుంటుంది.

లింకు తెగితే కెమెరా బొమ్మ పోతుంది. లింకు తెగితే తలుపు తాళం వదిలేస్తుంది — మంటలొస్తే లోపల మనిషి ఇరుక్కోకూడదని అలా పెట్టారు. తాళం వదిలితే ఏసీ గాలి తలుపుని తోస్తుంది.

టక్.

అదీ దెయ్యం. చీకట్లోంచి రాలేదు, వెలుగు ఎక్కువై పుట్టింది. పెట్టింది నేను.

లింకు తెగుతోందని ఫిర్యాదులొస్తే నెల రోజులు బాబాయ్‌ని తిప్పారు. ఆయన రిజిస్టరు చూశాడు, పది అని ఉంది. మాడ్యూల్ సరైనదే అయితే తప్పు అతుకులో ఉండాలి. మూడుసార్లు కోసి మూడుసార్లు అతికాడు. అతికిన చోట వేలు పెట్టి తడిమితే అతుకు దొరకదు, అలాంటి చెయ్యి ఆయనది.

ఒకరోజు మెట్ల మీద ఆపాడు.

"అమ్మాయ్. కింది గదిలో ఏం పెట్టావు?"

"పదే బాబాయ్. రిజిస్టరులో ఉందిగా."

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు.

"ఉంది," అన్నాడు. "చూశాను."

అంతే. రెండు రోజుల తర్వాత పెద్దసారు అందరి ముందూ ఆయన్ని పిలిచి, అతుకులు సరిగ్గా లేవు, చేతులు వణుకుతున్నాయి, ఇక చాలు అన్నాడు. బాబాయ్ వాదించలేదు. నా వైపు చూడలేదు. సంచి సర్దుకున్నాడు. పోతూపోతూ గాజు తీగ కోసే బ్లేడు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన్ని ఎక్కడా పనిలోకి తీసుకోలేదని విన్నాను. చేతులు వణుకుతాయన్న మాట ఆయన కన్నా ముందే ప్రతి చోటికీ చేరేదిట.

నాలుగు నెలల కింద నేను సొంతంగా ఒక జత తెప్పించాను. రెండూ పదే. ఒకదానికి నీలం ఇంటిపేరు, ఒకదానికి బూడిద. తీసుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, కింది గదిలో మాడ్యూళ్ళు ఒకసారి మారుద్దాం."

"ఎందుకు?"

"రాత్రిళ్ళు తెగుతోంది కదా సార్."

"దెయ్యం అంటున్నారు కదా. అననీ." ఆయన నవ్వాడు. "దెయ్యం అన్నంత కాలం మనల్ని ఎవరూ అడగరు. నువ్వు ఆ గది జోలికి వెళ్ళావో, మర్నాటి నుంచి రానక్కర్లేదు. నీలాంటిదానికి ఈ పని దొరకడమే ఎక్కువ, తెలుసుగా?"

తెలుసు. ఆ జత నా సంచి అడుగునే ఉండిపోయింది.

బాబాయ్ పోయాడని అత్త చెప్పేదాకా.

ఈ రాత్రి ఎవరినీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒంటిగంటన్నరకి కొత్త బిల్డింగులో బూడిద పెట్టె దగ్గరికి వెళ్ళి నలభై పీకి పది పెట్టాను. జత కలవకపోయినా లింకు ఎలాగో పచ్చగానే నిలబడింది. అప్పటికి సగం పని. రెండో సగం కింద.

నడవాలోకి దిగాను.

లెక్క నాకు తెలుసు. కారణం తెలుసు. ఆ దెయ్యం పుట్టిన తేదీ కూడా నాకు తెలుసు. అయినా రెండో లైటు దాటగానే వీపు చల్లబడింది. నా చెప్పుల చప్పుడు నాకే… టప్… టప్…

గది ముందుకొచ్చేసరికి రెండూ ఎనిమిది. చేతిలో కార్డు ఉంది. చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. చూపించలేదు. నా దెయ్యం కదా… అదే తియ్యాలి నాకు తలుపు.

రెండూ తొమ్మిది.

ఎక్కడో పైపులో నీళ్ళు కదిలాయి.

రెండూ పది.

టక్.

తలుపు కదిలింది. వేలెడు… బెత్తెడు… చల్లగాలి నా పాదాల మీదుగా పోయింది. లోపల పచ్చ కళ్ళు. ఒకటి ఆరింది.

"రా," అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "ఇక్కడే ఉన్నాను. ఇన్ని నెలల నుంచి జనాన్ని భయపెడుతున్నావు కదా, నన్ను భయపెట్టు చూద్దాం."

వెనక నుంచి… టప్… టప్…

నావి కావు. నేను కదల్లేదు.

టప్… టప్… నా వెనకే ఆగింది. ఊపిరి వినిపిస్తోంది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

అత్త. చేతిలో తుడిచే కర్ర, ఈటె పట్టుకున్నట్టు.

"నువ్వెందుకొచ్చావత్తా?"

"నువ్వు దిగడం చూశాను. దెయ్యంతో ఒక్కదానివే మాట్లాడుకుంటానంటే నాకు నిద్రెలా పడుతుంది?" ఆమె చూపు తలుపు సందు మీద నుంచి కదలడం లేదు. కానీ కాలు వెనక్కి వెయ్యలేదు.

"దెయ్యం లేదు. పద, చూపిస్తాను."

నారింజ దీపం మళ్ళీ పచ్చగా మారింది. పెట్టెలు అమర్చిన ర్యాకు వెనక్కి వెళ్ళాను. చీకటి. నీలం పెట్టె వెనక తీగల గుత్తిలోకి చెయ్యి పోనిచ్చాను. మాడ్యూల్ కోసం తడుముతుంటే… ఏదో నా మణికట్టుని తాకింది. మెత్తగా. పలచగా. ఒకసారి తాకి, ఊగి, మళ్ళీ తాకింది.

అరవలేదు. ఎందుకు అరవలేదో ఇప్పటికీ తెలీదు. దాన్ని పట్టుకున్నాను.

కాగితం. గాజు తీగకి దారంతో కట్టిన చీటీ. బాబాయ్ తన ప్రతి అతుకుకీ కట్టే చీటీ లాంటిదే. ఆయన వెళ్ళాక ఈ గదిలో చెయ్యి పెట్టినవాడు లేడు, నాతో సహా.

"ఏంటే అది?" అంది అత్త.

ఫోను వెలుగులో చూశాను. చీమల్లాంటి ఆ అక్షరాలు ఎవరివో చెప్పక్కర్లేదు. తేదీ — మెట్ల మీద నన్ను ఆపిన రోజు.

"అందే వెలుగు హద్దు కన్నా ఎక్కువ. మాడ్యూల్ నలభై. రిజిస్టరులో పది. అమ్మాయి పది అంటోంది. భయపడింది. తనే చెప్పాలి. ఆగుతాను."

ఒకసారి చదివాను. మళ్ళీ చదివాను. పైకి చదవమని అత్త అడిగితే చదివాను.

అత్త చీటీ వంకా నా వంకా చూసింది. తర్వాత, "అంటే… రెండూ పదికి వస్తున్నది…" అంది.

"నేనే అత్తా."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరడిగారు ఆయన్ని ఆగమని? నాలుగు తిట్టి పెద్దసారు ముందుకి లాక్కెళ్ళి ఉంటే నా పని పోయేది, నేను ఏడ్చేదాన్ని, ఇంకోచోట ఇంకో పెట్టె విప్పుకునేదాన్ని. ఆయన ఆగాడు. రెండు రోజులు అనుకుని ఉంటాడు. ఏడాదిన్నర ఆగాడు. పని పోయినా ఆగాడు, చచ్చిపోయాడని జనం అనుకుంటున్నా ఆగాడు. నేనేమో ఆయన పక్కన పచ్చ చుక్క చూసుకుంటూ పడుకున్నాను.

నలభై పీకేశాను. పది పెట్టాను. నీలం పెట్టె ఇంటిపేరు చదువుకుంది… రెప్ప వేసింది… పచ్చ దీపం. వెలుగు ఎంత అందుతోందో చూశాను. హద్దులోనే ఉంది, ఎంత ఉండాలో అంత. ఆగిన నకళ్ళని మళ్ళీ మొదటి నుంచి పంపించాను, అన్నీ ఒకేసారి, రెండూ పది కంటే ఎక్కువ జోరుతో.

తలుపు వేసి, ఇద్దరం నడవాలో నేల మీద కూర్చున్నాం. పది నిమిషాలు. అరగంట. అత్త తాళం వంక రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

తలుపు పలకలేదు.

"పోయిందా?" అంది అత్త.

"ఇంకా లేదు."

పైకి వెళ్ళి రిజిస్టరు తెచ్చుకున్నాను. పాత పేజీ తీసి, 'పది' అన్న చోట ఎర్ర సిరాతో కొట్టేసి 'నలభై' అని రాశాను. పక్కన, పెట్టింది నేను, అబద్ధం రాసింది నేను, అతుకులో తప్పు లేదు అని రాశాను. చీటీని ఆ పేజీకే గుచ్చాను. సంతకం చేశాను. పేజీని ఫోటో తీసి ఆస్పత్రి సూపరింటెండెంటుకీ, చిన్న సిస్టరుకీ, మా టీము గ్రూపులో అందరికీ పంపాను. పెద్దసారుకి వేరేగా పంపాను, గ్రూపులో చూడలేదనకుండా. రేపటి నుంచి నన్ను రానక్కర్లేదంటే రాను. నా వేళ్ళు నాకున్నాయి. బ్లేడు పట్టుకోవడం నాకొచ్చు. ఏ కాలేజీ అని ఎవరైనా అడిగితే అతుకుల బాబాయ్ అని చెప్తాను.

ఇప్పుడు నాలుగూ ఇరవై. ఇదంతా నడవాలోనే, గోడకానుకుని రాస్తున్నాను. అత్త నా పక్కనే తుడిచే కర్ర ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది. రిజిస్టరులో రాయడం తేలిక, అది తిరిగి ఏమీ అడగదు. ఆయన అడుగుతాడు. లేదా అడగడు. ఏది కష్టమో నాకు తెలీడం లేదు.

తెల్లారాక చేద్దాం అనుకున్నాను. తెల్లారితే పనులుంటాయి, మనుషులుంటారు, ఇంకో రోజు పోతుంది. నా సంగతి నాకు తెలుసు.

ఫోను తీసి ఆయన పేరు దగ్గర ఆగాను. చూస్తూ ఉండగానే పక్కన పచ్చ చుక్క వెలిగింది. ఈ వేళప్పుడు… ఆయనకీ నిద్ర పట్టదేమో.

అత్త కళ్ళు తెరిచింది. "ఎవరికే, ఇంత చీకటితో?"

"మీ దెయ్యానికత్తా," అన్నాను. "ఎత్తుతాడేమో చూద్దాం."